గొంతు పోయింది, గేట్లు ఎత్తారు

సాగర్ గేట్లు ఎత్తారన్న వార్త రావడం, నా గొంతు పోవడం ఒకే పొద్దున జరిగాయి. టీవీలో నీళ్లు తెల్లగా నురగలు కక్కుతూ దూకుతుంటే బాపు చాయ్ గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనించిన తన సైకిల్ దగ్గరికి వెళ్లి టైరు నొక్కి చూసుకున్నాడు. "ఇగ పోదామా బిడ్డా?" అన్నాడు. పోదాం బాపు, ఎల్లుండే పోదాం అందామని నోరు తెరిచాను. నూనె లేని షట్టర్ని పైకి లేపినట్టు కిర్రుమని ఒక చప్పుడు వచ్చింది, అంతే. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మాది హుస్సేనీ ఆలంలో పాల దుకాణం. మా ఆయన వాళ్ల తాతల నాటి నుంచి బర్రెలు, పాలు, పెరుగు, ఇదే లోకం. మా బాపు కంచన్‌బాగ్‌లో లోహాలు కరిగించే ఒక ప్లాంటులో పని చేసి రిటైరయ్యాడు. అమ్మ పోయాక మా దగ్గరికే వచ్చేశాడు. ఆయనకు కళ్లలో ఒత్తిడి పెరిగే జబ్బు. చూపు చుట్టుపక్కల నుంచి మూసుకుంటూ వస్తుందని, పోయింది తిరిగి రాదని, ఉన్నదాన్ని చుక్కల మందుతో నిలబెట్టుకోవాలని కళ్ల డాక్టరు చెప్పాడు. వచ్చే ఏడాదికి ఎంత మిగులుతుంది సార్ అని అడిగితే ఆయన మందుల చీటీ రాసుకుంటూ "చూద్దాం" అన్నాడు. కళ్ల డాక్టరు అనాల్సిన మాటేనా అది? నాకు ఒళ్లు మండింది గాని, బాపు పక్కనే ఉన్నాడని ఊరుకున్నాను.

ప్లాంటులో ఉన్న రోజుల్లో సాగర్ గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, బాపు, ఆయన షిఫ్టు వాళ్లు గుంపుగా సెలవు పెట్టి సైకిళ్ల మీద బయల్దేరేవారట. ఒక రోజంతా తొక్కి, దారిలో ఎక్కడో పడుకుని, మర్నాడు డ్యామ్ ముందు నిలబడి తడిసి వచ్చేవారు. ఆ గుంపులో ఒకరికి మోకాళ్లు పోయాయి, ఒకరికి గుండెకు ఆపరేషనైంది, ఇంకొకాయన కొడుకు దగ్గరికి నిజామాబాద్ వెళ్లిపోయాడు. సైకిల్ మిగిలింది బాపు ఒక్కడికే. "కండ్లున్నప్పుడే ఒక్కసారి పొయ్యి చూసొస్త బిడ్డా, నా సైకిల్ మీద" అని రెండేళ్ల నుంచి అంటున్నాడు. పోయినేడు గేట్లు ఎత్తినప్పుడు కంటికి ఆపరేషనై కట్టుతో పడుకుని ఉన్నాడు. పక్కన కూచుని నేను టీవీ చూస్తూ నీళ్లు ఎలా పడుతున్నాయో చెప్పాల్సి వచ్చింది. ఆ పని మళ్లీ చేయదలచుకోలేదు నేను.

బస్సులో తీసుకుపోతానని ఒకసారి అన్నాను. "బస్సుల పొయ్యి చూసేదానికి టీవీల చూస్తె సాలదా?" అన్నాడు. మొండితనంలో నేను ఎవరి బిడ్డనో అడగక్కర్లేదు.

అందుకని ఏడాదిగా ఇద్దరం తయారవుతున్నాం. తెల్లవారకముందే పాల క్యాన్లు దించుకుని, దుకాణం మా ఆయనకు అప్పగించి, నేను ఓ పాత గేర్ల సైకిల్ మీద, బాపు తన నల్ల సైకిల్ మీద బయటపడేవాళ్లం. చార్మినార్ పక్క నుంచి పత్తర్‌గట్టిలోకి దిగి, షట్టర్లన్నీ మూసి ఉండగా ఆ రాతి కమానుల పొడుగునా మదీనా చౌరస్తా దాకా తొక్కి, మూసీ దాటి తిరిగి వచ్చేవాళ్లం. ఆదివారాలు శాలిబండ మీదుగా కంచన్‌బాగ్ ప్లాంటు గేటు దాకా. అక్కడ సెక్యూరిటీ వాళ్లు కొత్తవాళ్లు, బాపుని ఎవరూ గుర్తుపట్టరు, అయినా ఆయన సైకిల్ దిగి ఒకసారి గేటు వైపు చూసి గాని వెనక్కి తిరగడు.

ఆ సవారీల్లో నా పని అరవడం. ఆ పద్ధతి బాపు వాళ్లది. షిఫ్టుకు సైకిళ్ల మీద గుంపుగా పోయే కాలంలో అందరికంటే ముందున్నవాడు దారిని అరుస్తూ పోవాలి. వెనకవాడికి ముందువాడి వీపు తప్ప ఏమీ కనిపించదు కదా. గుంత వస్తే "గుంతా!", రాయి ఉంటే "రాయీ!", ఇసుక ఉంటే "ఇసుకా!", బర్రెలు అడ్డం వస్తే బర్రెలు. బెల్లు కొట్టకూడదు. "బెల్లు పాలోళ్లు కొడ్తరు" అని బాపు నవ్వేవాడు, మా ఆయన వింటుండగానే. చూపు తగ్గిన మనిషికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది అనుకుని నేను ముందు నడిచాను. పాతబస్తీ రోడ్లకు గుంతల కరువు లేదు గనక నా నోటికీ విశ్రాంతి లేదు. నా గొంతు మామూలుగానే పెద్దది. పత్తర్‌గట్టి కమానుల కింద "గుంతా!" అని నేను అరిస్తే పావురాలు లేచిపోయేవి. పైన నిద్రపోయేవాళ్లు ఎన్ని తిట్లు తిట్టుకున్నారో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

ఆ వారమంతా వానలు. వానలో అరిచాను, తడిసి అరిచాను, ఇంటికొచ్చి దుకాణంలో అరిచాను. చివరికి గేట్లు ఎత్తిన పొద్దునే గొంతు చేతులెత్తేసింది.

గల్లీ చివర క్లినిక్‌లో ఉండే డాక్టరమ్మ నా నోట్లోకి టార్చి వేసి చూసి, వాచి ఉంది, జ్వరం లేదు, భయపడేదేమీ లేదు, కానీ మాట్లాడొద్దు అంది. గుసగుసలు కూడా వద్దంది. నేను చేతులతో సైకిల్ తొక్కినట్టు చూపించాను. "జ్వరం రాకపోతే తొక్కు. అరవడం మాత్రం వద్దు" అంది. కావాలని ఏరి ఏరి చెప్పినట్టు చెప్పింది ఆ రెండు మాటలు. కాళ్లు బాగున్నాయి, ఊపిరి బాగుంది, టూరుకు కావలసినవన్నీ ఉన్నాయి, బాపుని తీసుకుపోవడానికి కావలసిన ఒక్కటే లేదు. క్లినిక్ మెట్ల మీద నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సరే, రెండు రోజులు నోరు మూసుకుంటే నయమవుతుందిలే అనుకున్నాను. పాతబస్తీలో పాల దుకాణం నడిపే మనిషి నోరు మూసుకోవడమంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

మా దగ్గర పాలు కొనడమంటే డబ్బు ఇచ్చి ప్యాకెట్ తీసుకుపోవడం కాదు. ముందు సలాం, తర్వాత మీరెలా ఉన్నారు, పిల్లలు ఎలా ఉన్నారు, నిన్నటి పెరుగు కొంచెం పులిసింది సుమా, ఇవన్నీ అయ్యాక పాలు. సలాముకు బదులు చెప్పకపోతే తలపొగరు కింద లెక్క. మొదటి గంటలోనే ఇద్దరు మొహం మాడ్చుకుని వెళ్లారు. అది చూసి మా ఆయన ఓ అట్ట ముక్క మీద తెలుగులోనూ ఉర్దూలోనూ "గొంతు బాగలేదు, మాట్లాడరాదు" అని రాసి నా ముందు వేలాడదీశాడు. అదే కొంప ముంచింది. అంతకుముందు సలాంతో సరిపెట్టుకునేవాళ్లు కూడా ఆ బోర్డు చదివి ఆగిపోయారు. మా గల్లీలో ఎవరికైనా ఒంట్లో బాగలేదని తెలిసి పరామర్శించకుండా పోవడం తప్పు. ఏమైంది, ఎప్పటి నుంచి, మింగితే నొప్పా, దగ్గు ఉందా? బోర్డు పెట్టింది మాట్లాడలేనని చెప్పడానికి, వాళ్లు అడిగేది నేను మాట్లాడితే తప్ప తేలదు. చేతులతో చూపిస్తే ఎదురింటాయన నాకు చెవులు కూడా వినిపించవనుకుని నా మొహం మీదకు వంగి "ఆధా లీటర్!" అని కేకేశాడు. ఇంకొకామె నా మీద మర్యాదకొద్దీ తను కూడా చేతులతోనే పెరుగు అడిగింది. ఆమెకేమీ కాలేదు, ఆమె గొంతు బ్రహ్మాండంగా ఉంది.

మా ఆయన మాత్రం పండగ చేసుకున్నాడు. "పెండ్లయినకాడికెంచి గింత శాంతి ఎన్నడు సూడలే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. తిట్టడానికి గొంతు లేక పెరుగు గరిటె చూపించాను.

పరామర్శ వెనకే మందు వస్తుంది. మొదట వచ్చింది మా వెనక గల్లీ ఖాలా. పెద్దావిడ, మా అత్తగారి కాలం నుంచి మా పాలే తాగుతున్న మనిషి. బోర్డు చదివి, "అరే, గలా బైఠ్ గయా క్యా మా?" అని, గొంతు పోయిందా అని బుగ్గలు నొక్కుకుని వెళ్లింది. పావుగంటలో ఫ్లాస్కు నిండా జోషాందా కాచి పట్టుకొచ్చింది. యునానీ మూలికలన్నీ పడేసి మరిగించిన ఆ కషాయం కాకరకాయ తిన్న నోటికి కూడా చేదే. "పీలో. మేరే సామ్నే పీలో" అంది. తన కళ్ల ముందే తాగాలి. తాగాను. ఆవిడ వెళ్లగానే పక్కింటి ఆంటీ ఉప్పు నీళ్లు. తర్వాత కిరాణా సేటు కరక్కాయ ముక్క, బుగ్గన పెట్టుకొమ్మని. ఆ తర్వాత ఎవరో అల్లం రసం, తేనె. మా ఆయన చేతి మిరియాల పాలు సరేసరి, అది మా ఇంటి సరుకు. ఎవరికీ వద్దని చెప్పడానికి గొంతు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు. మన బాగు కోరి కాచి తెచ్చిన గిన్నెను వెనక్కి పంపితే ఆ ఇంటితో మాటలు ఉండవు. పైగా తెచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు, అది ఇంకో మర్యాద. ఖాలా ఫ్లాస్కుతో పాటు ఓ గిన్నెడు గడ్డ పెరుగు పంపాను, ఆంటీకి మీగడ పంపాను. దాంతో సాయంత్రానికల్లా ఇంకా ఎన్నో గిన్నెలు వచ్చాయి. అందరూ నా గొంతు మీద ప్రేమతోనే తెచ్చారని నమ్ముతున్నాను.

రెండో రోజు సాయంత్రానికి నా కడుపు ఆయుర్వేదానికీ యునానీకీ మధ్య నలిగిపోయింది. కరక్కాయ నములుతూ తేనె నాకి, దాని మీద జోషాందా పోసి, ఆ వేడి తగ్గకముందే ఎవరో తెచ్చిన శొంఠి కషాయం గుటుక్కున మింగాను. త్వరగా నయం కావాలన్న ఆత్రం. మింగిన కాసేపటికి గొంతులో నిప్పు రాజుకుంది, దగ్గు తెర మొదలైంది. దగ్గి దగ్గి ఆగేసరికి, నిన్నటి నుంచి మిగిలిన ఆ కిర్రు చప్పుడు కూడా లేదు. నోరు కదిలిస్తే గాలి వస్తోంది, అంతే.

లోపల గదిలో బాపు సంచీ కడుతున్నాడు. రెండు జతల బట్టలు, కంటి చుక్కలు తడి గుడ్డలో చుట్టి, వాన పడితే కప్పుకోవడానికి ఓ పాలిథీన్ కవరు. కంటి చుక్కల సీసాను మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టాడు. ఆయన ఈల వేస్తున్నాడు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. టీవీలో వరద తగ్గుముఖం పట్టిందని, గేట్లు కొన్ని దించుతున్నారని చెప్తున్నారు. బాపుకి రేపు పోవడం కుదరదని చెప్పాలి. గొంతు ఉంటే చెప్పలేకపోయేదాన్నేమో, గొంతు లేదు గనక చెప్పడం ఇంకా కష్టమైంది.

తెల్లవారింది. ఆయన అప్పటికే స్నానం చేసి, ప్యాంటు అడుగున క్లిప్పులు పెట్టుకుని, సైకిల్ని గల్లీలోకి దించాడు. నేను ఎదురెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాను. గొంతు చూపించాను, వద్దన్నట్టు తల ఊపాను. కళ్లలో నీళ్లు వచ్చేశాయి, ఆపుకోలేదు. మా ఆయన నా తరఫున మాట్లాడాడు.

"వద్దు మామా. ఆమెకు గొంతు లేదు. ముంగట అరవకుంటె గుంత వచ్చేది మీకెట్ల తెలుస్తది?"

బాపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "గుంతలు నాకు కనిపిస్తయి గద" అన్నాడు.

మా ఆయన, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ముంగట అంత సక్కగ కనిపిస్తది. గుంత గిట్ల కనిపిస్తది, రాయి కనిపిస్తది. గా బోర్డు మీద అల్లుడు రాసింది కూడ కనిపిస్తది, 'మాట్లాడరాదు' కాడ దీర్ఘం తప్పు పెట్టిండు."

దుకాణంలో ఆ మూలన వేలాడుతున్న అట్ట ముక్క అది. నాకే అంత దూరం నుంచి తెలియలేదు.

మరి ఏడాదిగా నేను? నేను వేలితో నా గుండె మీద పొడుచుకుని, గాల్లో గుంత గీసి, నోరు పెద్దగా తెరిచి అరుస్తున్నట్టు చూపించాను. కోపం వస్తే మూకాభినయం కూడా ఎంత బాగా వస్తుందో ఆ రోజే తెలిసింది.

బాపు కొంచెం సిగ్గుపడ్డాడు. "నువ్వు అరుసుకుంట పోతాంటె మంచిగనిపిస్తుండె బిడ్డా" అన్నాడు. "షిఫ్టుకు పోయినట్టే ఉండె. ముంగట ఒకలు అరుస్తున్నరంటె మనం ఒక్కలం లేనట్టు. గది ఎందుకు బందు చేయమంట?"

గొంతు ఉంటే ఆ క్షణంలో ఆయన్ని తిట్టని తిట్టు తిట్టి ఉండేదాన్ని. వానల్లో తడిసి, పావురాలను లేపి, నా గొంతు నేనే చించుకుని, అన్నీ ఆయన కళ్లతో చూస్తున్న గుంతల కోసం! ఆ తిట్లు లోపలే ఉండిపోవడం మంచిదైంది, ఎందుకంటే ఆయన ఇంకా చెప్పడం ఆపలేదు.

"నాకు పోయింది పక్కలే" అన్నాడు. "జర గిటు నిలబడు."

నా భుజం పట్టుకుని తన ఎదురుగా నిలబెట్టాడు. తను నేరుగా దుకాణం బోర్డు వైపు చూస్తూ, నన్ను ఒక అడుగు కుడికి జరగమన్నాడు. జరిగాను. ఇంకో అడుగు. జరిగాను. చేయి చాస్తే ఆయన చొక్కా అందే దూరంలోనే ఉన్నాను.

"గిప్పుడు నువ్వు లేవు" అన్నాడు.

మామూలుగానే అన్నాడు, పాలు అయిపోయాయన్నట్టు. డాక్టరు ఆ మాటే చెప్పాడు, చుట్టుపక్కల నుంచి అని. నేను చూపు తగ్గిందని మాత్రమే విన్నాను. ఏడాదిగా కనిపించే వాటిని అరిచి అరిచి చెప్పాను, కనిపించని వైపు ఆయన్ని ఒక్కణ్ణే వదిలేశాను. ఆటో పక్క గల్లీలోంచి దూసుకొచ్చి ఉంటే?

మా ఆయన లోపలికి వెళ్లి, పాలు పోసే పాత సైకిల్‌కున్న బెల్లు ఊడదీసుకొచ్చి, నా హ్యాండిల్‌కి బిగించాడు. బాపు పాలోళ్ల మీద ఒక్క జోకు వేయలేదు. "మామ ముంగట, నువ్వు పక్కకు. పక్కలకెంచి ఏమన్న వస్తె కొట్టు, వదలకు" అన్నాడు మా ఆయన నాతో.

అలా బయల్దేరాం. ముందు బాపు, ఆయన కుడి చేతికి కాస్త వెనకగా నేను. ఎడమ నుంచి గల్లీలు కలిసే చోట నేను ఆ వైపుకు మారాలి, ఖాళీ రోడ్డు రాగానే మళ్లీ కుడికి. సంతోష్‌నగర్ దాటేసరికి నాకు ఈ నాట్యం అలవాటైంది. చంపాపేట దాటి సాగర్ రోడ్డు ఎక్కాక బాపు అరవడం మొదలుపెట్టాడు.

"గుంతా!"

నాకు కనిపిస్తూనే ఉంది. అంత పెద్ద గుంతలో మా బర్రె పడుకోవచ్చు. అయినా ఆయన అరుపు వినగానే నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. అది నాకోసం అరిచిన అరుపు. "రాయీ!" అన్నాడు. "బురదా!" అన్నాడు. ఇంత గొంతు ఈ మనిషిలో ఎక్కడ దాగిందో, ఇంట్లో చాయ్ కావాలంటే కూడా మెల్లగా అడిగేవాడు. ముందు ఒకరు అరుస్తుంటే వెనక తొక్కేవాళ్లకు ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు, ఎప్పుడూ నేనే ముందున్నాను కాబట్టి. మంచిగనిపించింది. ఆయన అన్న మాటే, ఇంకో మాట లేదు దానికి.

ఇబ్రహీంపట్నం ఊరి మధ్యలో ఒక ట్రాలీ ఆటో ఎడమ సందులోంచి వెనకా ముందూ చూడకుండా రోడ్డెక్కింది. బాపు నేరుగా తొక్కుతున్నాడు, తల కూడా తిరగలేదు. నేను బెల్లు మీద బొటనవేలు పెట్టి ఎడాపెడా మోగించాను. ఆయన ఎటూ చూడలేదు, ఏమిటని అడగలేదు, రెండు బ్రేకులూ పట్టేసి కాళ్లు నేల మీద పెట్టేశాడు. ఆటో ఆయన సైకిల్ ముందు చక్రం ఎదుట నుంచే పోయింది. అది పోయాక నా వైపు తిరిగి "ఏందది?" అన్నాడు. చేతులతో చూపించాను. "ఓ" అని మళ్లీ పెడల్ మీద కాలు పెట్టాడు. నేను యాచారం దాకా బెల్లు మీద నుంచి బొటనవేలు తీయలేదు. ఆయన మాత్రం "పాలోళ్ల బెల్లు మస్తు పనికొచ్చింది" అని తనలో తను నవ్వుకున్నాడు.

ఆ రాత్రికి మల్లేపల్లిలో ఆగాం. ప్లాంటు రోజుల్లో ఆగిన హోటలు లేదట, దాని చోట బట్టల దుకాణం ఉంది. బాపు దాన్ని కూడా కాసేపు చూశాడు. కంటి చుక్కలు నేనే వేశాను. ఆయన నాకు వేడి నీళ్లలో ఉప్పు కలిపి ఇచ్చాడు. అదొక్కటే మందు ఆ పూట, ప్రాణం లేచొచ్చింది. ఇద్దరం ఇడ్లీ తిని, మాటల్లేకుండా పడుకున్నాం. మాటల్లేకపోవడం కూడా బాగానే ఉంటుందని నా నలభై ఏళ్లలో మొదటిసారి ఒప్పుకున్నాను. మా ఆయనకు మాత్రం ఇది చెప్పదలచుకోలేదు.

మర్నాడు మబ్బు పట్టి, ఎండ లేకుండా హాయిగా ఉంది. పెద్దవూర దాటాక గుట్టలు మొదలయ్యాయి. ఎక్కుళ్ల దగ్గర బాపు దిగి నడిచాడు, నేనూ దిగాను. డ్యామ్ నుంచి వస్తున్న కార్లవాళ్లు తడిసిన బట్టలతో కిటికీల్లోంచి చేతులూపుతున్నారు. ఒకాయన కారు ఆపి, "జల్ది పోన్రి పెద్దాయనా, సగం గేట్లు దించిన్రు" అన్నాడు. బాపు వెంటనే సైకిల్ ఎక్కాడు. అక్కడి నుంచి ఎక్కుడు వచ్చినా దిగలేదు.

డ్యామ్ కనిపించకముందే దాని చప్పుడు వినిపించింది. వంతెన మీద జనం. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నవాళ్లు, ఫోన్లు పైకెత్తి పట్టుకున్నవాళ్లు, మొక్కజొన్న కంకులు తింటున్నవాళ్లు. తుంపర వచ్చి అందర్నీ తడిపేస్తోంది. సైకిళ్లు ఓ పక్కన నిలబెట్టి, బాపు చేయి పట్టుకుని సందు చేసుకుంటూ ముందుకు తీసుకుపోయాను. ఎదురుగా నీళ్లు. ఆ తెలుపును, ఆ ఉరుకును టీవీలో చూసి నేను ఆయనకు చెప్పిన వర్ణనంతా ఉత్తదే. నేను ఏమీ చెప్పలేకపోయానని అక్కడ నిలబడ్డాక తెలిసింది.

బాపు రెయిలింగు రెండు చేతులతో పట్టుకుని చూస్తున్నాడు. పెదాలు బిగించి ఉన్నాయి. మా పక్కన నిలబడ్డ జనం ఒక్కసారి అటు చూసి, అబ్బా అనుకుని, ఫోటోకి తిరుగుతున్నారు. ఆయన మాత్రం మెల్లగా, చాలా మెల్లగా తల తిప్పుతున్నాడు. ఒక గేటు దగ్గర ఆగుతున్నాడు, చూస్తున్నాడు, తర్వాతి దాని దగ్గరికి పోతున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఒక్క చూపులో అంత డ్యామూ ఆయనకు పట్టదు. ముక్క ముక్కగా చూసుకోవాలి.

"అన్ని ఒక్కసారి కనిపిస్తలేవు బిడ్డా" అన్నాడు. నీళ్ల హోరులో ఆయన నోటి దగ్గర చెవి పెడితే గాని వినపడలేదు. "అయినా గని, ఒక్కొక్కటి మంచిగ కనిపిస్తున్నయి."

నా కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. అందరూ తడిసే ఉన్నారు, ఎవరికీ తెలియలేదు.

చాలాసేపు అలా చూశాడు. సగం దూరం వచ్చాక మెడ నొప్పెట్టిందేమో ఆగాడు. మూసిన గేట్లు వరసగా ఉన్న చోట నిలిచిపోయి, ఇంక అయిపోయిందనుకున్నాడు. అవతలి చివర ఇంకా కొన్ని తెరిచే ఉన్నాయని ఆయనకు తెలియదు.

"గంతేనా? అటు చివరికి అన్ని దించిన్రా?" అని అడిగాడు.

లేదు బాపు, ఉన్నాయి అని చెప్పడానికి నాకు గొంతు లేదు. ఉన్నా ఆ హోరులో వినపడేది కాదు. ఆయన గడ్డం నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. మాసిన గడ్డం, తడిగా, చల్లగా ఉంది. ఎడమ వైపుకు మెల్లగా తిప్పుకుంటూ పోయాను, మూసిన గేట్లు దాటించి, చివరి దాకా. నీళ్లు ఎక్కడ దూకుతున్నాయో అక్కడ ఆపాను.

"ఆఁ" అన్నాడు బాపు. "ఆఁ, ఉన్నయి. అట్లనే పట్టుకో."